కాలేయంలో గడ్డ అన్నారు. ఏ గడ్డ?

పిత్తాశయంలో రాళ్లున్నాయేమోనని పొట్ట స్కానింగ్ తీయిస్తారు. రాళ్లు లేవని తేలుతుంది. రిపోర్టు అడుగున మాత్రం ఇంకో లైను ఉంటుంది: కాలేయం ఏడో సెగ్మెంట్‌లో 2.8 × 2.4 సెంటీమీటర్ల హైపర్‌ఎకోయిక్ లీజన్, హిమాంజియోమా కావచ్చు, ట్రైఫేజిక్ సీటీ చేయించగలరు. కౌంటర్ దగ్గర దాన్ని ఒక్క మాటలో ‘కార్జంలో గడ్డ’ అని చెప్తారు. నల్లగొండలో ఎక్కిన బస్సు దేవరకొండ చేరేలోపు అది క్యాన్సర్ అయి కూర్చుంటుంది.

చిక్కంతా ఆ మాటలోనే ఉంది. ఉల్లిగడ్డ గడ్డే, ఆలుగడ్డ గడ్డే, చీము పట్టినా గడ్డే, క్యాన్సర్ వచ్చినా గడ్డే. కాలేయంలో కనబడేది చీముగడ్డ కావచ్చు, నీటితిత్తి కావచ్చు, హైడాటిడ్ తిత్తి కావచ్చు, ఏ హానీ చేయని కణితి కావచ్చు, క్యాన్సరూ కావచ్చు. ఒకదాన్ని నయం చేసే సూది ఇంకోదాంట్లో గుచ్చితే ప్రాణం మీదికి వస్తుంది. అందుకే సైజు ఎంత అని అడిగేముందు దాని పేరేమిటని అడగాలి. తర్వాత అది ఎవరికి వచ్చిందో చూడాలి. సైజుది మూడో స్థానం.

హానిలేని కణితి కానివాటిని ముందు పక్కన పెడదాం. చలితో కూడిన జ్వరం, కుడి పక్కటెముకల కింద చెయ్యి ఆనిస్తే ఓర్చుకోలేని నొప్పి, తెల్లకణాలు పెరగడం ఉంటే చీముగడ్డ వైపు చూడాలి. అమీబా వల్ల వచ్చేది ఎక్కువగా మగవాళ్లలో, అందులోనూ కల్లు, మందు అలవాటున్నవాళ్లలో కనిపిస్తుంది. మెట్రోనిడజోల్‌తో తగ్గుతుంది, పెద్దదైతే సూదితో చీము తీస్తారు. హైడాటిడ్ తిత్తి దారి వేరు. కోసిన గొర్రె లోపలి భాగాలు కుక్క తింటుంది, కుక్క మలంలో పురుగు గుడ్లు పడతాయి, అవి చేతుల ద్వారా మనిషి కడుపులోకి చేరతాయి. పాలమూరు వైపు మందలు, వాటి వెంట కుక్కలు ఎప్పుడూ ఉండేవే కాబట్టి తిత్తి కనబడ్డప్పుడు ‘గొర్రెలు, కుక్కలు ఉన్నాయా’ అని అడగడం డాక్టరు పని. అడగకపోతే మనమే చెప్పాలి. ఇది హైడాటిడ్ అని గుర్తించకుండా సూది గుచ్చితే లోపలి నీరు పొట్టలోకి కారి, తీవ్రమైన అలర్జీతో బీపీ పడిపోవచ్చు. హెపటైటిస్ బి ఉన్నవాళ్లలో, లివర్ సిరోసిస్ ఉన్నవాళ్లలో కొత్తగా గడ్డ కనబడితే, కాదని తేలేదాకా దాన్ని క్యాన్సర్ అనే లెక్కలోకి తీసుకుంటారు. ఇక్కడి నుంచి చెప్పే ధైర్యం వాళ్లకు వర్తించదు.

మిగిలిన హానిలేని కణితుల్లో ముఖ్యమైనవి మూడు.

మొదటిది హిమాంజియోమా. పేరు భయపెడుతుంది గానీ ఇది రక్తనాళాల ముద్ద, స్పంజిలాంటిది. కాలేయంలో వచ్చే హానిలేని కణితుల్లో అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది ఇదే. 30 నుంచి 50 ఏళ్ల ఆడవాళ్లలో ఎక్కువ. క్యాన్సర్‌గా మారదు. పైన చెప్పిన 2.8 సెంటీమీటర్లది నిజంగా హిమాంజియోమానే అయితే మందు అక్కర్లేదు, ఆపరేషన్ అక్కర్లేదు, ఏటా స్కాన్ కూడా అక్కర్లేదు. గడ్డలు కరిగిస్తామని పసరు పోసేవాళ్లకు పేరు తెచ్చిపెట్టేది ఎక్కువగా ఇదే. అది ఎలాగూ ఏమీ చేయదు, ఆ మంచిపేరు పసరు ఖాతాలో పడుతుంది.

రెండోది ఫోకల్ నోడ్యులర్ హైపర్‌ప్లేసియా, రిపోర్టుల్లో ఎఫ్ఎన్‌హెచ్ అని రాస్తారు. కాలేయ కణాలే ఒకచోట గుమిగూడి పెరుగుతాయి, నడిమధ్యలో నక్షత్రంలాంటి మచ్చ ఉంటుంది. ఇదీ ఆడవాళ్లలోనే ఎక్కువ, ఇదీ క్యాన్సర్ కాదు. రక్తస్రావం అరుదులో అరుదు. గర్భనిరోధక గోలీలు మానాల్సిన పని లేదు, పిల్లల్ని కనడానికీ అడ్డు లేదు.

మూడోది అడినోమా, ఇదీ కాలేయ కణాల నుంచే పుట్టే కణితి. తక్కువమందిలో కనిపిస్తుంది. ఈ మూడింటిలో భయానికి కాస్త చోటివ్వాల్సింది దీనికే.

పేరు తేలేది ఎలా

మామూలు అల్ట్రాసౌండ్‌లో హిమాంజియోమా తెల్లగా, అంచులు స్పష్టంగా కనిపిస్తుంది. ఆ తెల్లటి మచ్చ అడినోమా కూడా కావచ్చు, ఫ్యాటీ లివర్ ఉన్నప్పుడైతే హిమాంజియోమానే నల్లగా కనబడుతుంది. రిపోర్టులో ‘కావచ్చు’ అని రాసేది అందుకే. ఏ జబ్బూ లేని మనిషిలో, 3 సెంటీమీటర్లలోపు, అచ్చంగా హిమాంజియోమా లక్షణాలతో ఉంటే అల్ట్రాసౌండ్‌తోనే సరిపెట్టుకోవచ్చని 2016 నాటి యూరోపియన్ మార్గదర్శకాలు చెప్తాయి. సందేహముంటే ట్రైఫేజిక్ సీటీ గానీ, కాంట్రాస్ట్ (ఫొటోలో రక్తం పారే తీరు కనబడేలా నరంలోకి ఎక్కించే మందు) ఎమ్మారై గానీ తీయాలి.

ట్రైఫేజిక్ అంటే ఒకే సూది మందు, మూడు వేర్వేరు సమయాల్లో ఫొటోలు. చేతి నరంలోకి కాంట్రాస్ట్ వదిలిన 30, 35 సెకండ్లకు మొదటిది, 70 సెకండ్ల దగ్గర రెండోది, 3 నుంచి 5 నిమిషాలకు మూడోది. హిమాంజియోమాలో రక్తం మెల్లగా పారుతుంది కాబట్టి మందు ముందు అంచుల్లో చుక్కలు చుక్కలుగా పేరుకుని, తర్వాత లోపలికి నిండుకుంటూ వస్తుంది. కాలేయంలోనే పుట్టే క్యాన్సర్‌లో సాధారణంగా దీనికి తలకిందులు: మొదటి ఫొటోలోనే వెలిగిపోయి, తర్వాతి ఫొటోల్లో చుట్టూ ఉన్న కాలేయం కంటే నల్లబడుతుంది. ఎఫ్ఎన్‌హెచ్, అడినోమా రెండూ మొదట్లోనే వెలుగుతాయి గనక సీటీతో ఎప్పుడూ విడదీయలేం. వాటికి కాలేయ కణాలు పీల్చుకునే ప్రత్యేక కాంట్రాస్ట్‌తో ఎమ్మారై తీస్తారు. మందు ఇచ్చాక ఆలస్యంగా తీసే ఫొటోలో ఎఫ్ఎన్‌హెచ్ మందును పట్టి ఉంచుకుంటుంది, అడినోమా చాలావరకు పట్టుకోదు.

ఒక సంగతి గట్టిగా చెప్పాలి. మామూలు సీటీ తీయించుకుని, ట్రైఫేజిక్ తీయించుకున్నామనుకునేవాళ్లు తక్కువేం కాదు. కాంట్రాస్ట్ లేని సీటీ ఈ ప్రశ్నకు జవాబు చెప్పదు, ఆ డబ్బులు వృథా. చీటీ మీద ఏం రాశారో చూసుకోవాలి. కాంట్రాస్ట్‌కు ముందు కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష ఉండాలి, అలర్జీ ఉంటే ముందే చెప్పాలి. కాగితం రిపోర్టుతో పాటు సీడీ కూడా అడిగి తీసుకోవాలి. రేపు హైదరాబాద్‌లో చూసే డాక్టరుకు కావాల్సింది ఫొటోలు.

అడినోమా చిట్లేది ఎందుకు

మటన్ దుకాణంలో కార్జం కొన్నప్పుడు పైన పారదర్శకంగా సన్నటి పొర కనిపిస్తుంది, గోటితో లాగితే ఊడి వస్తుంది. మనిషి కాలేయానికీ అలాంటి పొరే ఉంది. కాలేయం లోపల నొప్పి తెలియదు. ఆ పొర సాగినప్పుడే తెలుస్తుంది. పొర కింద ఉన్న కండ మెత్తన. దారం వేసి బిగిస్తే తెగిపోతుంది. కాలేయం నుంచి కారే రక్తాన్ని కుట్లతో ఆపడం సర్జన్‌కు ఎందుకు కష్టమో ఆ తునకను వేళ్లతో నొక్కి చూస్తే అర్థమవుతుంది.

కాలేయంలోకి నిమిషానికి దాదాపు లీటరున్నర రక్తం వస్తుంది. అందులో ముప్పావు వంతు పేగుల నుంచి పోర్టల్ సిర తెచ్చేది, ఒత్తిడి తక్కువ. పావు వంతు ధమని తెచ్చేది, ఒత్తిడి ఎక్కువ. మామూలు కాలేయ కణజాలానికి రెండూ అందుతాయి. అడినోమా మాత్రం ధమని రక్తం మీదే బతుకుతుంది. పల్చటి గోడలున్న రక్తపు గదుల్లోకి ధమని ఒత్తిడి సూటిగా వచ్చి పడుతుంది, చుట్టూ గట్టి కవచం ఉండదు. గది పగిలితే రక్తం ముందు కణితిలోనే నిండుతుంది, తర్వాత కాలేయం పొర కిందికి వస్తుంది, పొర కూడా చిరిగితే పొట్టలోకి పారుతుంది. హిమాంజియోమాలో రక్తం ఎక్కువే గానీ ఒత్తిడి తక్కువ. అది దానంతటది చిట్లడం చాలా అరుదు. చాలా పెద్దదై కాలేయం అంచున వేలాడుతున్నప్పుడు, లేదా బండి హ్యాండిలో ట్రాక్టరు స్టీరింగో పొట్టకు బలంగా తగిలినప్పుడు ఆ ప్రమాదం ఉంటుంది.

గర్భనిరోధక గోలీలకూ అడినోమాకూ సంబంధం ఉందని 1973లో బయటపడింది. అప్పటి గోలీల్లో ఈస్ట్రోజన్ మోతాదు ఎక్కువ. ఇప్పటి మాలా-డి గోలీలో ఇథినైల్ ఈస్ట్రడియోల్ 30 మైక్రోగ్రాములే. ఏళ్ల తరబడి వాడినా లక్షమందిలో ఏడాదికి ముగ్గురు, నలుగురిలోనే అడినోమా వస్తుందని పాత లెక్క. గోలీలు మానేయమని ఊరంతా చాటింపు వేయాల్సిన సంగతి కాదిది. కానీ అడినోమా అని తేలినవాళ్లు మాత్రం మానాలి. కాపర్-టీలో హార్మోన్ ఉండదు, వాళ్లకు అది సరిపోతుంది. బరువు కూడా లెక్కే: స్థూలకాయం, ఫ్యాటీ లివర్ ఉన్నవాళ్లలో ఒక రకం అడినోమా ఎక్కువగా వస్తుంది, బరువు తగ్గితే చాలాసార్లు కుంచించుకుపోతుంది కూడా. మగవాళ్ల కథ వేరు. కండల కోసం జిమ్‌లో అనాబాలిక్ స్టెరాయిడ్ సూదులు తీసుకునే కుర్రవాళ్లలో అడినోమా వస్తుంది. మగవాళ్లలో అడినోమా క్యాన్సర్‌గా మారే అవకాశం ఎక్కువ కాబట్టి అది ఎంత చిన్నదైనా తీసేయమనే చెప్తారు.

ఆడవాళ్లలో ముందు గోలీ ఆపి, బరువు తగ్గించి, 6 నెలలకు మళ్లీ ఎమ్మారై తీస్తారు. అప్పటికీ 5 సెంటీమీటర్ల పైన ఉన్నా, పెరుగుతున్నా ఆపరేషన్. ఈ 5 సెంటీమీటర్లు ఊరికే పెట్టిన గీత కాదు, రక్తస్రావాలు ఎక్కువగా ఆ గీత దాటినవాటిలోనే కనిపించాయి. పెద్దాసుపత్రులకు చేరిన అడినోమా కేసుల్లో దాదాపు పావు వంతు వాటిలో ఎంతో కొంత రక్తస్రావం ఉంది. బాధపెట్టినవే ఆసుపత్రికి చేరతాయి కాబట్టి ఇంట్లో మౌనంగా ఉన్నవాటికి ఈ లెక్క అంటగట్టకూడదు. బయాప్సీ ముక్కలో బీటా-కెటెనిన్ అనే జన్యు మార్పు కనిపిస్తే క్యాన్సర్ భయంతో సైజు చూడకుండానే తీసేస్తారు. సోనిక్ హెడ్జ్‌హాగ్ అనే రకానికి రక్తస్రావం స్వభావం ఎక్కువ.

గర్భిణికి అడినోమా ఉంటే 5 సెంటీమీటర్లలోపు అయినంత కాలం గర్భం తీసేయాల్సిన పని లేదు, మామూలు కాన్పుకూ అడ్డు లేదు. కానీ గర్భంలోని హార్మోన్లు కణితిని పెంచుతాయి గనక 6 నుంచి 12 వారాలకోసారి అల్ట్రాసౌండ్ కావాలి, చివరి మూడు నెలల్లో జాగ్రత్త ఎక్కువ ఉండాలి. ఏ గడ్డా లేని గర్భిణికి కుడి డొక్కపైన నొప్పి వస్తే మాత్రం వెంటనే బీపీ, ప్లేట్‌లెట్లు, కాలేయ పరీక్షలు చూడాలి. బీపీ వల్ల వచ్చే హెల్ప్ సిండ్రోమ్‌లో కూడా కాలేయం పొర కింద రక్తం చేరుతుంది. దాన్ని గ్యాస్ నొప్పి అని పంపేస్తే తల్లీబిడ్డా ఇద్దరూ ప్రమాదంలో పడతారు.

చిట్లితే

ఉన్నట్టుండి కుడి పక్కటెముకల కింద కత్తితో పొడిచినట్టు నొప్పి. కొందరికి కుడి భుజం మీద కూడా నొప్పి వస్తుంది. రక్తం డయాఫ్రమ్‌ను, అంటే ఊపిరితిత్తుల కింద ఉండే కండరపు పొరను తాకితే దాని నరం మెడలో పుట్టింది కాబట్టి మెదడు ఆ నొప్పిని భుజానిదిగా లెక్కేసుకుంటుంది. తర్వాత చెమటలు, నాలుక ఎండిపోవడం, లేచి నిలబడితే కళ్లు తిరగడం. ఈ నొప్పికి ఊళ్లో మొదట పడేది ‘గ్యాస్’ పేరు, మొదట దొరికేది ఆర్‌ఎంపీ డైక్లోఫెనాక్ సూది. ఆ సూది ప్లేట్‌లెట్ల పని తగ్గిస్తుంది, నొప్పి కప్పేస్తుంది, విలువైన గంట తినేస్తుంది. కాలేయంలో కణితి ఉందని తెలిసిన మనిషికి ఇలా నొప్పి వస్తే చేయాల్సింది 108కి ఫోన్. పడుకోబెట్టాలి, తినడానికి తాగడానికి ఏమీ ఇవ్వొద్దు, బండి మీద మధ్యలో కూర్చోబెట్టి తీసుకుపోవద్దు. పాత సీడీ, వాడుతున్న గోలీల చీటీలు, ముఖ్యంగా రక్తం పల్చబడే మందులుంటే అవి, ఆరోగ్యశ్రీ కోసం కార్డులు వెంట ఉండాలి.

మొదట చేరిన దవాఖానలో చూడాల్సింది నాడి. లీటరున్నర దాకా రక్తం పోయినా పైబీపీ నిలబడి ఉండగలదు, నాడి మాత్రం ముందే పరుగెత్తుతుంది. నాడిని పైబీపీతో భాగిస్తే మామూలుగా 0.5 నుంచి 0.7 వస్తుంది. నాడి 120, పైబీపీ 100 అనుకోండి: 1.2. ‘బీపీ 100 ఉంది, బాగానే ఉంది’ అనే మాట అక్కడే మోసం చేస్తుంది. బీపీకి అటెనలాల్ లాంటి గోలీలు వాడేవాళ్లలో నాడి కూడా పెరగకపోవచ్చు.

ఇంకో మోసం హిమోగ్లోబిన్‌ది. ముంతలో చల్ల సగం ఒలికితే మిగిలిన చల్ల పల్చబడదు, నీళ్లు పోస్తేనే పల్చబడుతుంది. రక్తమూ అంతే. ఒలికిన తొలి గంటల్లో హిమోగ్లోబిన్ 11 అంటే 11గానే ఉంటుంది. శరీరం తన నీటితో నింపుకున్నాక, సెలైన్ ఎక్కించాక పడుతుంది. మొదటి రిపోర్టు బాగుందని నిబ్బరపడకుండా ఒకటి రెండు గంటల్లో మళ్లీ తీయాలి.

రెండు చేతులకూ లావు క్యానులాలు, బూడిద రంగుదో ఆకుపచ్చదో, అంటే 16, 18 గేజ్. రక్తం గ్రూపు, క్రాస్‌మ్యాచ్, ప్లేట్‌లెట్లు, రక్తం గడ్డకట్టే తీరు చెప్పే పీటీ-ఐఎన్‌ఆర్. పిల్లల్ని కనే వయసు ఆడవాళ్లకు మూత్రంతో గర్భ పరీక్ష తప్పనిసరి, ఎందుకంటే ఆ వయసులో పొట్టలో రక్తం చేరిందంటే కాలేయ కణితి కంటే ట్యూబులో గర్భం చిట్లడమే ఎన్నో రెట్లు ఎక్కువ. అల్ట్రాసౌండ్ ప్రోబు కుడి డొక్కలో పెడితే కాలేయానికీ మూత్రపిండానికీ మధ్య చేరిన రక్తం నల్లటి గీతలా కనబడుతుందా లేదా అన్నది అయిదు నిమిషాల పని. సెలైన్ సీసాల మీద సీసాలు ఎక్కించకూడదు. బీపీ ఉరికితే చిట్లిన చోట అప్పుడప్పుడే గడ్డకట్టిన రక్తం ఊడిపోతుంది, గడ్డకట్టించే పదార్థాలు పల్చబడతాయి. రక్తం దొరికేదాకా, మనిషి స్పృహలో ఉండి మాట్లాడుతుంటే, పైబీపీ 80, 90 దగ్గర నిలబడితే చాలు.

మనిషి నిలకడగా ఉంటే కాంట్రాస్ట్ సీటీ. పొట్టంతా రక్తం ఉన్నా, పుట్టిన చోటికి దగ్గరగా ఉన్న రక్తం ముందుగా గడ్డకట్టి చిక్కగా కనబడుతుంది, దాన్ని బట్టి చిట్లింది ఎక్కడో పట్టుకుంటారు. తర్వాత చేసేది ఎంబొలైజేషన్. తొడ మొదట్లో ధమనిలోంచి రెండు మిల్లీమీటర్ల మందం కూడా లేని గొట్టం కాలేయ ధమనిదాకా పంపి, కణితికి వెళ్లే కొమ్మను జెలటిన్ నురగతోనో, సన్నటి రేణువులతోనో, లోహపు చుట్టలతోనో మూసేస్తారు. కణితి ధమని మీదే బతుకుతుంది గనక దానికి రక్తం ఆగిపోతుంది. చుట్టూ కాలేయాన్ని పోర్టల్ సిర బతికిస్తుంది. పోర్టల్ సిర మూసుకుపోయి లేదని ముందే చూసుకునేది అందుకే. ఈ పని చేసే ఇంటర్వెన్షనల్ రేడియాలజిస్టు, కాలేయ సర్జన్, రక్తనిధి ఒకేచోట కావాలంటే ఎక్కువసార్లు హైదరాబాదే దిక్కు. నార్కట్‌పల్లి మీదుగా నల్లగొండ నుంచైనా, జడ్చర్ల మీదుగా మహబూబ్‌నగర్ నుంచైనా సుమారు 100 కిలోమీటర్లు. కాబట్టి పంపేముందు రక్తం మొదలుపెట్టాలి, అవతలి దవాఖానకు ఫోన్ చేసి మాట్లాడాలి. ఫోన్ లేకుండా బయల్దేరిన అంబులెన్సు ఒక గేటు నుంచి ఇంకో గేటుకు తిరుగుతుంది.

రక్తం ఆగకపోతే పొట్ట తెరవక తప్పదు. అప్పుడు కూడా కణితిని కోయడం మొదటి పని కాదు. కాలేయానికి రక్తం తెచ్చే కాడను బిగించి పట్టడం 1908లో ప్రింగిల్ చూపిన పద్ధతి. 15 నిమిషాలు బిగించి, 5 నిమిషాలు వదులుతారు. కాలేయం చుట్టూ గుడ్డలు కుక్కి పొట్టను తాత్కాలికంగా మూసి, ఒకటి రెండు రోజులకు మనిషి కుదుటపడ్డాక ఆ గుడ్డలు తీస్తారు. రక్తం కారుతుండగా కాలేయం కోస్తే చనిపోయే ప్రమాదం 5 నుంచి 10 శాతం దాకా ఉంటుంది. అదే తీరిగ్గా చేస్తే ఒక శాతం లోపే.

చాలా పెద్ద హిమాంజియోమాలో ఇంకో అరుదైన ప్రమాదం ఉంది, కసాబాక్-మెరిట్ అంటారు. స్పంజిలో రక్తం లోలోపలే గడ్డకడుతూ ప్లేట్‌లెట్లను, రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన ఫైబ్రినోజెన్‌ను మింగేస్తుంది. ఒంటిమీద నల్లమచ్చలు, చిగుళ్ల నుంచి రక్తం. వానాకాలంలో ప్లేట్‌లెట్లు 40 వేలంటే అందరి నోటా డెంగీ మాటే వస్తుంది, జ్వరం లేకుండా పడిపోయాయంటే ఒకసారి పొట్ట స్కాన్ కూడా చూడాలి. ప్లేట్‌లెట్లు ఎక్కించినా ఆ స్పంజిలోనే ఇరుక్కుంటాయి, కణితి సంగతి తేల్చాల్సిందే.

ఎంబొలైజేషన్ అయ్యాక వారం దాకా జ్వరం, నొప్పి, వాంతి వచ్చినట్టుండటం మామూలే, చచ్చిన కణజాలం వల్ల వచ్చేవి. వారం దాటినా చలిజ్వరం తగ్గకపోతే అక్కడ చీము పట్టిందేమో స్కాన్ చేయాలి. రక్తం పేరుకున్న ముద్ద నెలల తరబడి కరుగుతూ ఉంటుంది, అంతవరకు ఫొటోలో కణితి ఏదో రక్తం ఏదో తెలియదు. అందుకే మూడు నుంచి ఆరు నెలల తర్వాత ఎమ్మారై. చాలామందిలో కణితి బాగా కుంచించుకుపోయి ఉంటుంది, కొందరిలో ఆపరేషన్ అవసరమే రాదు. డిశ్చార్జి కాగితంలో మూడు సంగతులు రాసి ఉన్నాయో లేదో ఇంటికి బయల్దేరేముందే చూసుకోవాలి: కణితి పేరు, ఈస్ట్రోజన్ గోలీలు వాడొద్దని, ఎమ్మారై తారీఖు.